చేటెడు తవుడు

నాకు ముందు ఇద్దరు దక్కలేదు.
నన్ను చేటలో పడుకోబెట్టి
పక్కింటి సూరమ్మకి ఇచ్చేసి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది నాన్నమ్మ.
"కొన్న సరుకు. ఇంకెవుడికీ హక్కు లేదు" అందట
చావుకి వినబడేటట్టు.
అందుకే తవిటినాయుడిని.
సూరమ్మ ఇప్పటికీ వీధిలో ఎదురైతే
"ఏరా, అమ్మీసినోడా" అంటుంది.

ఆ లెక్కన పూర్ణా మార్కెట్లో
పదిహేను వందలు పోసి కొన్న ఆటపెట్టె కూడా
నాదే అవాల కదా.
గీతలు పడ్డ అద్దం, ఎడమ మీట వదులు,
వెనక ఎవరో పిల్లాడి గోటిరాత: బన్నీ.
నేను రాసిన నాలుగు వరసలు తినిపిస్తే
ఊసేసింది.
అనుమతి లేని సాఫ్టువేరు, అంది ఇంగ్లీషులో,
మర్యాదగానే.
"డబ్బులిచ్చీసాక కూడా అనుమతేటిరా?"
అయ్య అడిగాడు.

ఆ వారమే నెల్లిమర్లలో మిల్లు గేటుకి
కాగితం అంటించారు.
అదీ ఇంగ్లీషే. అదీ మర్యాదగానే.
అయ్య దాని ముందు చాలాసేపు నిలబడి
జిగురు ఎండిందో లేదో వేలితో చూశాడు.
ఇరవయ్యారేళ్ళు మగ్గాల మోతలో
సగం చెవులు లోపలే ఒగ్గీసిన మనిషి.

రాత్రిళ్ళు పెట్టె చుట్టూ తిరిగాను, తలుపు కోసం.
ఒక పాత ఆటలో, ఆటగాడి పేరు అడిగే చోట,
పట్టనంత పొడుగు పేరు ఇస్తే
గోడ తడబడుతుందని తెలిసింది.
పేరే కదా.
నాది, అయ్యది, నాన్నమ్మది, ఇంటిపేరు, సూరమ్మది,
ఆ తోక చివర నా నాలుగు వరసలు దాచి తోశాను.
పద్దెనిమిదోసారి అద్దం నల్లబడి
మూలన ఒక తెల్ల చుక్క.
నేను పెట్టమన్న చోటే.
అరవాలనిపించింది. ఇల్లంతా తొంగుంది.

ఇలాంటివాటిని ఇంట్లో కాసిన సరుకంటారని
పొద్దున్న చెప్పాను.
అమ్మ గబుక్కున తలుపేసింది:
"ఎక్సైజోళ్ళు వస్తారేటి?"

మిల్లు కూత లేక ఊరు వేళ తప్పింది.
పాలవాడు ఎనిమిదింటికి.
బడిగంటని ఎవరూ నమ్మడం లేదు.
అయ్య నాలుగింటికే లేచి
చెప్పుల వైపు చూస్తూ కూర్చునేవాడు.

నేను కూత రాశాను, అంకెలతో.
"ఇది కుక్కర్రా" అన్నాడు.
మార్చాను.
"ఇది పలాస పాసింజరు."
మార్చాను.
పెట్టెని మంచి చెవికి ఆనించుకుని
"మొదట్లో కూసింత గొంతు పట్టేస్తాది దానికి.
చలికాలం మరీని."
గొంతు పట్టేయడం రాశాను.
తొమ్మిదో రాత్రి ఏమీ అనలేదు,
తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

నెట్‌కి తగిలిస్తే కంపెనీ వచ్చి
నా వరసలన్నీ తుడిచిపోతుంది.
తగిలించలేదు.
చేటలో పెట్టి, పైన గోనె కప్పి
బియ్యం డబ్బా వెనక దాచాం.
తవుడు మాత్రం ఎవరికి పొయ్యాలో తెలీలేదు.

మిల్లు తెరిచారు. మళ్ళీ మూశారు,
ఈసారి కాగితం కూడా లేదు.
బ్యాటరీ ఉబ్బి మూత పట్టడం లేదు,
అమ్మ రబ్బరు బేండు వేసింది.
ఆరింటికి డబ్బా వెనకనుంచి కూత,
మొదట గొంతు పట్టేసి.
"బేగి లెగండ్రా" అంటాడు అయ్య.
ఎక్కడికో చెప్పడు.