ఇంజన్ గది తలుపు

చెన్సుకు ఈత రాదు.
గోజోకీ మాల్టాకీ మధ్య ముప్పయ్యొక్క ఏళ్ళు
ఫెర్రీ పొట్టలో నూనె తుడిచాడు.
"ఈత వచ్చినవాడు పడవని సరిగ్గా చూసుకోడు"
అదీ అతని వాదన.

ఇవాళ పడవ మొత్తం ఒక్క మనిషిదే.
గ్దాన్స్క్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, బోగ్నా.
రిటైరైన డబ్బులో ఓ పిసరు గిల్లి
పడవని, చెన్సుని, దారి చూపే నన్ను
పొద్దు వాలేదాకా కొనుక్కుంది.
ఆరు సిలిండర్లు, మూడు రొట్టెలు,
రొట్టెల్లోంచి కారుతున్న టమాటా రసం.
ముక్కుకి అటూ ఇటూ కళ్ళు గీసిన పడవ
మమ్మల్ని ఎక్కించుకుని
మమ్మల్ని తప్ప అన్నీ చూస్తూ కదిలింది.

ముందు గుహ.
సున్నపురాతి కొండ ఆవలించి, మూయడం మరిచిన నోరు.
లోపలికంటా ఈది వెనక్కి తిరిగితే
వచ్చిన దారి నీలంగా నిలబడి ఉంది,
గది లేని కిటికీలా.
కప్పు కింద చిక్కుకున్న గాలిలో తల పెట్టి
బోగ్నా మాస్కు ఎత్తింది.
"మా అమ్మమ్మ బొగ్గుల కొట్టు వాసన."
ఎక్కువ పీల్చకు, అన్నాను,
అది ఎప్పటి గాలో ఏమో.

తర్వాత రాతి తిప్ప.
ఒక గ్రూపర్ చేప టికెట్లు చింపేవాడి మొహంతో
మమ్మల్ని ఎగాదిగా చూసి పొమ్మంది.

మధ్యాహ్నం లంగరు వేశాక
చెన్సు నీళ్ళు నమిలాడు.
నీళ్ళ మీద బతికేవాడు నీళ్ళు నమిలితే
ఏదో ఉందన్నమాటే.

మా కింద ఉన్నది అతని ఫెర్రీ.
నేను బడికెళ్ళింది అందులోనే.
అలలకి కక్కుకుంటే మెట్ల కిందినుంచి
నల్లటి చెయ్యొకటి నిమ్మచెక్క అందించేది.
ముసలిదైందని దాన్ని కడిగి, తలుపులు పీకి,
డైవర్ల కోసం ఇక్కడే ముంచారు.
ఒడ్డున బ్యాండు మేళం, కేకు.
చెన్సు కేకు ముట్టలేదట.

ఎన్నోసార్లు నన్ను దాని మీద దింపాడు,
ఒక్కసారీ ఏమీ అడగలేదు.
ఇవాళ అడిగాడు, నన్ను కాదు, ఆమెని.
"ఇంజన్ గది తలుపు. అదొక్కటే ఊడలేదు.
ముంచే వారమే ఎరుపు వేశాను, రెండు పూతలు.
మునిగేదానికి చలేమిటని నవ్వారు మావాళ్ళు.
ఉందేమో చూడు."

నాకు తెలుసు జవాబు.
లోతుకి పోతుంటే ముందు చచ్చేది ఎరుపే.
ఒకసారి అక్కడే వేలు కోసుకుంటే
నా రక్తం పచ్చగా పొగలా లేచింది.
నేను చూసిన ప్రతిసారీ ఆ తలుపు
బూడిద రంగు తలుపే.
అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ముప్పై నాలుగు మీటర్లు.
ఒరగ తెరిచిన తలుపు ముందు
బోగ్నా రోగి నోటిముందు ఆగినట్టు ఆగింది.
తొందరపడలేదు.
దీపం వెలిగించింది.

అరచేయంత ఎరుపు.
దీపం జరిగితే ఎరుపూ జరిగింది.
స్పాంజి ఎరుపో, తుప్పు ఎరుపో, రంగుదో
నేను తేల్చుకోలేకపోయాను,
గారకీ పంటికీ తేడా తెలిసిన ఆమె మాత్రం
పైనుంచి కిందికి, కిందినుంచి పైకి
దీపంతో నెమ్మదిగా
మూడో పూత వేస్తూ ఉంది.

పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర ఆగాం.
అక్కణ్ణుంచి చూస్తే పడవకి కళ్ళు లేవు,
గుడ్డి పొట్ట ఊగుతూ ఉంది.
చెన్సు చెయ్యి మాత్రం
అప్పటికే నీళ్ళలో ఉంది, మణికట్టు దాకా.

బోగ్నా పెదాల చుట్టూ రబ్బరు గుర్తు.
"చీకటి. దీపం పెట్టిన చోటల్లా ఎరుపు"
అంది, అంతే.

"మేలా" అన్నాడు చెన్సు.
మా భాషలో దానికి సరే అనీ, మరైతే అనీ,
ఏమీ లేదనీ అర్థం.
ఖాళీ సిలిండర్లు తాడేసి కట్టాడు.
ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది.
రేవు కనబడేదాకా మాటల్లేవు.
అప్పుడు నావైపు తిరిగాడు.

"బ్రష్షు కూడా లోపలే మర్చిపోయాను.
గుర్రపు వెంట్రుకలది.
మంచి బ్రష్షు."