వాటం

సన్నని పైపు, నిండా నీళ్లు.
ఒక కొస ఓదెలు మేస్త్రి పట్టుకుంటడు, ఇంకో కొస నేను.
ఆయన ఆ మూల, నేను ఈ మూల.
నడుమ లేసిన గోడకు ఒకరికొకరం కనపడం.
"ఆగిందా కొంరమ్మా?"
ఆగలే. బొటనవేలు తీసినంక
లోపట నీళ్లు ఊగుతనే ఉంటయి,
కొత్త చోట నిద్ర పట్టనోళ్ల లెక్క.
ఒక్క ఊపు, ఇంకో ఊపు, ఇగ ఆగుతయి.
అక్కడ బొగ్గుముక్కతోటి గీత గీస్త.
ఆయన దిక్కు ఎంత ఎత్తో నా దిక్కు గంతే ఎత్తు.
మేస్త్రి కూలి వెయ్యి, నా కూలి ఆరు వందలు.
నీళ్లకు ఆ సంగతి తెల్వదు.

"ముందుగాల సమం దొరకాలె, అటెన్క వాటం," అంటడు.
పది అడుగులకు ఇంచున్నర.
కంటికి ఆనదు, కాలికి తెల్వదు,
చెంబెడు గుమ్మరిస్తే మాత్రం
నీళ్లు చెప్పినట్టే తొవ్వ పడతయి.
హన్మకొండల, నాలా పక్కన, సార్ ఇంటి స్లాబు మీద
ఒక్క కాడ అరచెయ్యంత నిలిచినయి.
"ఎండకు ఆరిపోతయి తియ్యి," అన్నడు సార్.
ఓదెలు ఇనలే. ఆ జాగ పగలగొట్టి
పొద్దుగూకేదాంక మల్ల గీకిండు.

నీరు పల్లమెరుగు అంటరు గని
ఎరుగుడేంది?
దాని బరువే దాన్ని గుంజుకపోతది,
నెలలు నిండినప్పుడు
మెట్లు దిగుతుంటే నన్ను గుంజినట్టు.

ఆ యేడు ముసురువట్టిన వానకు
స్లాబు మీద చుక్క నిల్వలే.
నీళ్లు గేటు తీసుకొని వచ్చినయి.
ఇండ్లు లేనప్పుడు అది చెరువు అలుగు పారే తొవ్వనట.
దానికి ఎన్నడో వాటం ఇచ్చిపోయిండ్రు,
పాతకాలపు ఎవరో ఓదెలు, ఎవరో కొంరమ్మ,
ఏ పైపు పట్టిండ్రో ఏమో.

మూడొద్దులకు తగ్గినంక పోయినం.
సార్ బురదల, బోర్ల పడ్డ ఫ్రిజ్జు మీద కూసున్నడు.
మమ్ముల చూసి లేవబోయిండు, లేవలే.
హాలు, వంటిల్లు, దేవునర్ర, బాత్రూం,
అన్ని గోడలకు నడుమెత్తున ఒకటే ఎర్రమట్టి గీత.
ఓదెలు దాన్ని చానసేపు చూసిండు.
సంచిలకెల్లి పైపు తీసిండు.
నేను ఎందుకని అడగలే,
అవతలి కొస పట్టుకొని వంటింట్లకు పోయిన.

"ఆగిందా?"
ఆగింది.
గీత మీదనే. వెంట్రుకంత తేడా లేదు.