మధ్యపలక

మా వైపు గాలికి ఉప్పు చేతులు.
ఏడాదికోసారి హెరాల్డు కారు ఛాసీ అడుగున తడిమి
కాస్త తినేసి పోతుంది.
తిన్నచోటల్లా అతుకు వేయించుకుంటూ
నర్సు సుగుణరత్నం గారు
నలభై తొమ్మిదేళ్ళు నడిపారు దాన్ని.
ఆ వెనక సీట్లో పుట్టినవాళ్ళు పదకొండుమంది.
అందులో ఒకడు
నాకింకా ఆరువందలు బాకీ.

మొన్న ముసుర్లో
దిగమర్రు మలుపు దగ్గర ఇంజను పట్టేసింది.
పిస్టన్ రింగులు మద్రాసులో లేవు,
కోయంబత్తూరులో లేవు.
ఉన్నాయన్న ఒకే ఒక్క ముసలాయన
ఫోను ఎత్తడం మానేశాడు.

"ఇంజనే మార్చేద్దారండి, ఆయ్" అన్నాడు కరీముల్లా,
పిప్పిపన్ను పీకేద్దామన్నంత తేలిగ్గా.
ఆవిడ గొడుగు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి
"స్టీరింగు ముట్టుకోకు.
గేరు కర్ర కూడా.
నా చేతికి తెలిసినవి నాకుండనీ."

కాకినాడ వేలంలో దొరికింది
పోలీసు జిప్సీ ఇంజను.
ఎవరెవర్ని తరిమిందో,
ఎంతమంది దొరకలేదో గానీ
లోపల గోడలు మాత్రం అద్దంలా ఉన్నాయి.

పాత గేరుబాక్సుది అంగుళాల లెక్క.
కొత్తదానిది మిల్లీమీటర్లు.
రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలంటే
మధ్యన ఒక పలక కావాలి.
అందుకొచ్చారు కాలవగట్టు మీద నా లేతు దగ్గరికి.

రోజూ నేను చేసేవి
రొయ్యల చెరువుల ఏరేటర్ల షాఫ్టులు,
రైసుమిల్లు పుల్లీలు.
కొంచెం అటూ ఇటూ అయినా తిరుగుతాయవి,
నీళ్ళూ ధాన్యమూ లెక్క అడగవు.
ఇది అడుగుతుంది.
ఇరవై రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం.
ఒక వైపు మా నాన్న కొలతలు,
ఇంకోవైపు నావి.
మొదటి పలక బెజ్జం వెంట్రుకవాసి తప్పింది.
ఇప్పుడది మా వంటింట్లో
మంచినీళ్ళ బిందె కింద ఉంది.
రెండోదానికి మూడు రోజులు పట్టింది.
చెమ్కీ పొట్టు చొక్కా జేబులో కూడా.

హెరాల్డు బానెట్ అందరి బానెట్లలా తెరుచుకోదు.
దీపాలతో సహా మొహం మొత్తం
పేలు చూపించుకునే పిల్లలా
ముందుకి వంగిపోతుంది.
ఆ వంగిన తల కింద
తొమ్మిది రాత్రులు.
నూనె సంపు అడ్డమొస్తే కోశాం,
వెల్డింగు పెట్టాం,
కిరసనాయిలు పోసి
కింద కాగితం పరిచి పడుకున్నాం.
తెల్లారి కాగితం మీద చుక్క లేదు.
పిల్లి అడుగులున్నాయి.

తాళం తిప్పగానే లేచింది,
గొంతు సవరించుకోకుండా.
కరీముల్లా ఎగిరి గంతేశాడు.
ఆవిడ చెప్పులు విడిచి ఎక్కారు,
ఎప్పుడూ అంతే,
పెడలు పాదానికి తెలియాలిట.

దిగమర్రు దాటి చించినాడ వంతెన మీద
సగంలో ఆపారు.
కింద వశిష్ఠ ఎర్రగా, బరువుగా, వరద నురుగుతో.
"దగ్గలేదేం?" అన్నారు.
మాకర్థం కాలేదు.
"ఆ మలుపులో దగ్గేది.
దగ్గిందంటే సగం దూరం వచ్చేశామని.
వెనక నొప్పులు పడుతున్న పిల్లకి చెప్పేదాన్ని,
విన్నావా, ఇంక సగమే అని."
కరీముల్లా మొహం
చల్లారిన సైలెన్సరు.

తిరిగొచ్చేటప్పుడు నేను ముందు కూచున్నాను.
అరవై దాటితే
గేరు కర్ర తలలో సన్నటి వణుకు.
ఇంజనుది కాదు. నా పలకదే.
వెంట్రుకలో పావు.
దాస్తే ఎవరికీ తెలీదు గానీ
చెప్పేశాను.
"విప్పాలండి. మంగళవారం తెండి."

ఆవిడ అరవై దాటించారు.
అరచెయ్యి గేరు కర్ర మీద బోర్లించి
నాడి చూసేవాళ్ళలా
చాలా దూరం మాట్లాడకుండా నడిపారు.
"ఈ మంగళవారం ఖాళీ లేదు నాకు" అన్నారు.
"పై వారం చూద్దాంలే."