గూడూరు దాటాక

పరీక్షలైపోయిన సాయంత్రం
అట్టా పెన్సిళ్లూ మంచం మీద విసిరేసి
గోడ మీది రైల్వే పటం ముందు నిలబడింది షారోను.
అందులో మా బెజవాడ
నాలుగు దిక్కులకీ కాళ్లు చాచిన నల్ల సాలీడు.
ఈ ఏటికి మిగిలిన పాస్ ఒక్కటే.
ఈస్టరు వెళ్లాక ఆరు రోజుల సెలవు.
పైకి వెళ్తే కలకత్తా, కిందికి దిగితే మద్రాసు.

పునుగుల పొట్లం విప్పి సభ తీర్చాం.

కలకత్తా, అంది షారోను.
అక్కడ నది కింద నుంచి రైలు వెళుతుందట.
మన కృష్ణ మీద వెళ్లేది చాలదా అంటే
మీద నుంచి ఎవరైనా వెళతారు, అంది.

చెన్నై, అన్నాడు బెన్ని.
ఎందుకురా అంటే చెప్పడు.
నాలుగో పునుగు నమిలాక బయటపడింది:
‘బీచిలో బంతి ఎవరింట్లోనూ పడదు.’

మా అత్త మార్తమ్మ దానికే చెయ్యెత్తింది.
తోమాగారి సమాధి ఉందట,
గుణదల కొండెక్కలేని మోకాళ్లకి
అక్కడ మెట్ల బాధ లేదట.

ఇక నేను.

నేను చూసిన మద్రాసు
ఒక వరండా పొడవు.
అమ్మ గుండె కోసం పదకొండు రోజులు
స్టీలు క్యారియరు, టోకెను నంబరు,
‘ఉక్కారుంగ’ అనే ఒక్క అరవ మాట.
కిటికీకి ఎదురుగా పసుపుపచ్చ గోడ.
దాని వెనకే సముద్రం, అంది నర్సు.
గాలి మాత్రం ఉప్పగా వచ్చేది.
వెళ్లి చూసి రావే, అనేది అమ్మ.
రేపు వెళ్తాలే, అనేదాన్ని.
పన్నెండో రోజు
ఇద్దరం ఒకే బండిలో తిరిగొచ్చాం.
దారంతా మాట్లాడింది డ్రైవరొక్కడే.

కలకత్తా, అన్నాను.

రెండుకి రెండు.
అందరం ఆయన వైపు తిరిగాం.

ఏసురత్నం గూడ్సు బండి నడుపుతాడు.
పదిహేడేళ్లుగా
ఇటు గూడూరు దాకా, అటు విశాఖ దాకా.
అక్కడ బండి వేరేవాళ్ల చేతిలో పెట్టి
రన్నింగు రూములో పప్పుచారు తిని, పడుకుని
ఇంకో బండితో ఇంటికొస్తాడు.
ఆయన లాగిన బొగ్గు చేరింది,
సిమెంటు చేరింది, యూరియా బస్తాలు చేరాయి.
ఆయన చేరలేదు.

చాలాసేపు పునుగుల కాగితం మడతపెట్టి
అన్నాడు:
‘గూడూరులో లైను చీలుతుంది.
కుడిచేతిది రేణిగుంటకి, ఎడమది మద్రాసుకి.
నేను దిగాక నా బండే
ఎడమ వైపు వెళ్లిపోతుంటే చూస్తాను.
చివరి పెట్టె ఎర్రదీపం వంపు తిరుగుతుంది.
ఆ తర్వాత ఏముందో తెలీదు.’

‘మరి విశాఖలో?’ అంది షారోను.

‘అక్కడ దిగగానే నిద్రొస్తుందమ్మా.’

అది కారణమే కాదని షారోను గొడవ.
చెన్నైలోనూ భూమి కింద రైలుంది, అన్నాడాయన.
పైన నది ఉందా?
ఉందట, కూవం. ముక్కు మూసుకోవాలట,
రన్నింగు రూములో అరవ గార్డు చెప్పాడు.
పిల్ల నవ్వకూడదనుకుంటూనే నవ్వింది.

నా ఓటు మార్చుకోలేదు.
మూడుకి రెండు, అంతే.

పాస్ ఫారం నేనే నింపాను,
ఆయన రాసింది ఆయనకే అర్థం కాదు.
పేర్లు, వయసులు, మార్తమ్మకి ఒక అందాజు.
బయల్దేరు చోటు, విజయవాడ.
చేరు చోటు దగ్గర పెన్ను ఆగింది,
ఇంకు లేక కాదు.
కిటికీ అవతల ఏదో గూడ్సు
వంతెన వైపు బరువుగా కదులుతోంది.
రాశాను.

దీపం ఆర్పాక అడిగాడు:
‘గూడూరు తెల్లవారుజామున వస్తుంది.
లేపుతావా?’

కాల్‌బాయ్ తలుపు బాదందే
ఇన్నేళ్లలో లేచిన మనిషి కాదు.

లేపుతాను, అన్నాను.
ఆ దారిలో నాకెటూ నిద్ర రాదు.