ఉప్పునీళ్లు

కళ్యాణదుర్గం దావలో ఎనిమిదినూర్ల అడుగుల కింద తడి తగిలింది.
ఓబులపతి దోసిట పట్టి, నాలిక్కి తాకించి
"ఉప్పప్పా" అని ఉమ్మేసినాడు.
బాడిగ అడగలేక బోరుబండి తిప్పుకొచ్చినా.

అనంతపురంలో, ఇంట్లో, కాళ్లన్నా కడుక్కోకుండా
కొన్న మంచినీళ్లలో కొన్న ఉప్పు కలుపుతాండా,
లీటరుకు ముప్పై ఐదు గ్రాములు.
షంషాద్ చూస్తాది. ఏమీ అనదు.

తొట్టిలో ఏంజెల్ చేపకు సముద్రం తెలీదు,
ఎవురో గాజుతొట్లోనే గుడ్డు పొదిగించినారు.
వల తెలీదు గాబట్టి నా వేలు కనపడితే
పగడాల సందులోంచి పైకొస్తాది.
కరెంటు పోతే ఇన్వర్టర్ దాని పంపుకే,
మాకు విసనకర్ర.

నిన్న దాని నీలంలో తెల్లసుడి ఒకటి తెగి
పసుపు చార పొడిచింది.
షంషాద్‌ను నిద్ర లేపి చూపించినా.
ఓబులపతికే,
ఏమని చెప్పేది?