పరగడుపున

గోరు మీద చుక్కంత గోలి.
దీనికోసం నాలుగుంబావుకే లేస్తాన.
కాజీపేట దిక్కు నుంచి గూడ్సు బండి కూత
ఒకటి వచ్చి పోతది.
గిలాసెడు నీళ్లు. ఒక్క గుటక.
ఇగ గంటసేపు
చాయ్ వాసన వరకే నాది.

పోయినేడు మే నెల.
నర్సంపేట రోడ్డు మీద తారు కరుగుతాంటే
ఖాకీ కోటు లోపల నేను స్వెట్టర్ ఏసుకున్న.
సీట్లల్ల కూసున్నోళ్లు ఒకరినొకరు గీకి నవ్విండ్రు.
డ్రైవర్ మొగిలన్న అద్దంల చూసి
"జరమొచ్చిందా చెల్లే" అన్నడు.
జరం కాదు.
ఎవరో లోపలి పొయ్యి ఆర్పి
బూడిద మీద నీళ్లు చల్లిపోయిండ్రు.

గీసుగొండ దాటంగనే
కనురెప్పల మీద కందుల బస్తా.
చిల్లర ఎవలకియ్యాల్నో టికెట్ ఎనక రాసి
రాసిన సంగతే మర్సిపోయేది.
"గిర్నిబావి" అని పిలుస్తే
బావి అడుగు నుంచే వచ్చినట్టుండె గొంతు.
చెకింగ్ సారు నా ఐడీ కార్డు ఫొటోను చూసి,
నన్ను చూసి,
మళ్ల ఫొటోనే నమ్మిండు.

అత్త ఒకనాడు గదంత ఊడ్చి
నా వెంట్రుకలు ఉండగట్టి తలుపు మూలకు పెట్టింది.
ఏమనలేదు.
నాలుగు తిట్టినా బాగుండు.
బద్ధకపుదాన్నని అప్పటికి నేనే ఒప్పుకున్న.

కాకాజీ కాలనీల డాక్టరమ్మ
గొంతు మీద రెండు వేళ్లు పెట్టి "మింగు" అన్నది.
సీతాకోకచిలుక లెక్క ఉంటదట ఆ గ్రంథి.
నా దాంట్ల మాత్రం
రెక్కలు ముడుసుకొని మళ్ల గొంగళిపురుగైనట్టుంది.
రిపోర్టుల నలభై ఎనిమిది.
"ఎక్కువొచ్చింది, మంచిదే గదా" అన్నడు మా ఆయన,
డిపో కలెక్షన్ అనుకున్నడేమో.

ఎన్ని రోజులు వాడాలె మేడం?
బతికినన్ని రోజులు, అన్నదామె
చిట్టీ మీదనుంచి తలెత్తకుండ.
మందుల దుకాణం మెట్ల మీద కూసోని
సీసా మూత తిప్పి లెక్కవెట్టిన.
నూరు.
ముప్పై ఎనిమిదేండ్లు నాకు.
మిగిలిన లెక్క చెయ్యబుద్ధి కాలే.

ఇరవై ఐదుతోని మొదలు. తర్వాత యాభై.
ఆరు వారాలకోసారి సూది, రక్తం, సాయంత్రం దాక ఎదురుసూపు.
నూరు మీదికి పోయిన నెల
న్యూట్రల్ల ఉన్న బండిని ఎవరో రేజ్ చేసినట్టు గుండె.
చిల్లర అందియ్యవోతే వేళ్లు వణికినయి.
బ్యాగు కాళ్లకు తగిలిందని ఒక ముసలామె మీద అరిసిన.
ఇప్పటికీ ఆమె ముఖం యాదికొస్తది.
మళ్ల డెబ్బై ఐదు.

నడుమ బాగైననుకొని బంద్ వెట్టిన గూడ.
మేడారం జాతర డ్యూటీ. నాలుగు రోజులు
దుమ్ముల, బెల్లం వాసనల, బస్సుల్నే బతుకు.
సీసా ఇంట్ల, గూట్లె.
నాలుగు రోజులు నాలుగు వారాలైనయి.
పొయ్యి ఎప్పుడారిందో తెల్వలేదు,
సల్లవడ్డంక తెలిసింది.

మొన్న ధర్మారం దగ్గర
వీపు మీద ఏదో పాకినట్టైంది.
చెయ్యి పెట్టి చూస్తే చెమట.
ఏడాది తర్వాత, నా సొంత చెమట.
మిర్చి బస్తా మీద కూసున్న పోరి
"ఏందక్కా నీలో నువ్వే నవ్వుతానవ్" అన్నది.
ఏం జెప్పాలె.
"ఉబ్బర గదా" అన్న.

ఉంగరం ఇంకా ఎక్కుతలేదు.
పోయిన జుట్టు పోయినట్టే.

పొద్దుగాల ఐదింటికి డిపో క్యాంటీన్ల
కేతిలి ముందట బెంచీ మీద
నేను, స్వరూపక్క, కొత్తగొచ్చిన నస్రీన్.
మొదట్ల ఎవలకెవలం చెప్పుకోలే.
ఒకనాడు స్వరూపక్క బ్యాగు కింద పెడితే
లోపల సీసా గలగలమన్నది,
నా బ్యాగుల సప్పుడే అది.

"ముగ్గురికీ ఇయ్యాల ఉపాసమా"
అంటడు ఓదెలు, గిలాసలు కడుక్కుంట.
నస్రీన్ గోడ గడియారం దిక్కు చూసి
"ఇంకా ఏడు నిమిషాలు" అంటది.