మా శాఖ కాదు

పట్నంబజారు వెనక సందులో
మస్తాన్‌బీ కారం మిల్లుకి సబ్సిడీ వచ్చింది.
ఆఖరి సంతకం నాదే.

దరఖాస్తులో గత మూడేళ్ల టర్నోవరు అన్నచోట
ఆమె రాయించింది:
"రోలు అరిగింది,
రెండుసార్లు గంట్లు పెట్టించాను."
కొట్టేసి ఒక అంకె వేశాను.
ఏ అంకె వేశానో ఇప్పుడు గుర్తులేదు.

తనిఖీకి వెళితే
మిషను పాత చీర కప్పుకుని ఉంది,
కాయలు పోసే తొట్టిలో కోడి పొదుగుతోంది.
త్రీఫేజు లైను ఇంకా ఇవ్వలేదట.
అది మా శాఖ కాదన్నాను.
"ఔను సార్, మీది కాదు," అంటూనే
రోట్లోంచి గుప్పెడు కారం
పొట్లం కట్టిచ్చింది.

బస్సులో తుమ్ములు.

ఇవాళ ఫైలు తెరిస్తే
ఎర్రటి వేలిముద్ర. నాదే.
దానికింద
"యూనిట్ నడుస్తున్నది"
సగమే కనబడుతోంది.